లక్ష మైళ్ల ప్లగ్గు... విప్పితేగా తెలిసేది!

అరచేతిలో ఇమిడిపోయే వస్తువు. మొత్తం బండి ధరలో దాని ఖరీదు లెక్కలోకే రాదు. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం పెద్ద ఖర్చే తెచ్చిపెడుతుంది. అలాగని తొందరపడి విప్పబోతే సగం చేతికొచ్చి సగం ఇంజిన్లోనే ఉండిపోతుంది! అమెరికాలో పాత పికప్ ట్రక్కుల యజమానులను ఏళ్ల తరబడి హడలెత్తించిన ఓ బుల్లి స్పార్కు ప్లగ్గు కథ ఇది. మన ఇంటి ముందున్న బండికీ పనికొచ్చే కథ.

బొటనవేలంత లావు, వేలెడంత పొడవు. పైన తెల్లటి పింగాణీ, కింద ఇనుప మర, చివర్న ఇంచుమించు మిల్లీమీటరు ఖాళీ. స్పార్కు ప్లగ్గు అంటే అంతే. దాని పనీ చూడ్డానికి చిన్నదే. ఆ ఖాళీలో ఓ నిప్పురవ్వ పుట్టించాలి. సిలిండర్‌లో ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని ఆ రవ్వ అంటిస్తుంది. అది భగ్గుమని మండి పిస్టన్‌ని కిందికి తోస్తుంది. బండి కదులుతుంది.

ఈ చిన్న పనిని అది ఎన్నిసార్లు చేస్తుందో ఎప్పుడైనా లెక్కేశారా? ఇంజిను రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కో ప్లగ్గూ ఒకసారి రవ్వ వేయాలి. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకుంటే, నిమిషానికి 1,000 రవ్వలు. గంటకి 60,000. సగటున గంటకి 40 మైళ్ల వేగంతో లక్ష మైళ్లు తిరగడానికి 2,500 గంటలు పడుతుంది. అంటే ఆ లోపు ఒక్కో ప్లగ్గు 15 కోట్లసార్లు వెలిగి ఆరినట్టు! లక్ష మైళ్లంటే మన లెక్కలో లక్షా 60 వేల కిలోమీటర్లు. భూగోళాన్ని నాలుగుసార్లు చుట్టి వచ్చినంత దూరం.

ఇంత దూరం ఒకే ప్లగ్గుతో నడిచే రోజులొస్తాయని ఒకప్పుడు ఎవరైనా చెబితే మన మెకానిక్కులు నవ్వేసేవాళ్లు.

డిక్కీలో స్పేరు ప్లగ్గు

మనదగ్గర స్కూటర్లు రాజ్యమేలిన రోజులు గుర్తున్నాయా? పొద్దున్నే స్కూటరుని ఓ పక్కకి వంచి నిలబెట్టడం, కిక్కు మీద కిక్కు కొట్టడం, అయినా స్టార్టు కాకపోతే డిక్కీలోంచి పానా తీసి ప్లగ్గు విప్పడం... మధ్యతరగతి ఇళ్లలో మామూలు దృశ్యమే. టూస్ట్రోకు ఇంజిన్లలో పెట్రోల్లోనే ఆయిలు కలుపుతారు కాబట్టి ప్లగ్గుకి మసి త్వరగా పట్టేది. దాన్ని ఎమిరీ పేపరుతో రుద్ది, ఉఫ్‌మని ఊది మళ్లీ బిగిస్తే బండి పరుగో పరుగు. దూరం వెళ్లేవాళ్లు స్పేరు ప్లగ్గొకటి తప్పకుండా దగ్గర పెట్టుకునేవాళ్లు. 1951లో మొదలైన మైకో కంపెనీ పేరు ఆ ప్లగ్గుల వల్లే మన ఇళ్లలో పరిచయం. ఆ సంస్థే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది.

కార్ల సంగతీ అంతే. అమెరికాలోనూ 1970ల దాకా పది పన్నెండు వేల మైళ్లకోసారి ప్లగ్గులు మార్చడం ఆనవాయితీ. అప్పట్లో పెట్రోల్లో సీసం కలిపేవారు. అది మండగా మిగిలిన బూడిద ప్లగ్గు కొసకి పేరుకుపోయేది. 1975 మోడల్ కార్ల నుంచి అక్కడ పొగలోని విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. సీసం తగిలితే అవి పాడైపోతాయి కాబట్టి సీసం లేని పెట్రోలు తప్పనిసరైంది. మనదేశంలో ఆ మార్పు 1995లో మహానగరాల్లో మొదలై, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటికీ వచ్చింది.

ఆ తర్వాత ప్లగ్గు ఆయుష్షు అమాంతం పెరిగింది. కొసల్లో మామూలు నికెల్ స్థానంలో ప్లాటినం, ఇరిడియం లాంటి ఖరీదైన లోహాలు వాడటం మొదలైంది. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ప్లాటినం 1,768 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఇరిడియం అయితే 2,446 డిగ్రీల దాకా! కాబట్టి అవి అంత తేలిగ్గా అరగవు. లక్ష మైళ్ల దాకా ప్లగ్గుల జోలికి వెళ్లనక్కర్లేదని కంపెనీలు మాన్యువల్‌లోనే రాసేశాయి.

సౌకర్యమే. కానీ అక్కడే ఓ చిక్కు వచ్చిపడింది. నెలకోసారి చేసే పనిని ఎవరూ మర్చిపోరు. పదేళ్లకోసారి చేసే పనిని గుర్తుపెట్టుకునేదెవరు?

మిల్లీమీటరులో సగం చాలు!

15 కోట్లసార్లు రవ్వ వేశాక ఏ లోహమైనా ఎంతో కొంత అరుగుతుంది. రవ్వ పడ్డ ప్రతిసారీ కంటికి కనపడనంత లోహం ఆవిరైపోతుంది. కొసలు గుండ్రంగా తయారై మధ్యలో ఖాళీ పెరుగుతుంది. మిల్లీమీటరులో సగం పెరిగినా సరే, ఆ ఖాళీని దాటడానికి విద్యుత్తు ఎక్కువ కష్టపడాలి.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. దాన్ని ఇగ్నిషన్ కాయిల్ 20 వేల వోల్టులకి, అవసరమైతే అంతకంటే పైకి పెంచి ప్లగ్గుకి అందిస్తుంది. ఖాళీ పెరిగేకొద్దీ కాయిల్ మీద భారం పెరుగుతుంది. అది వేడెక్కుతుంది, పైనున్న రబ్బరు బూటు పగుళ్లిస్తుంది, విద్యుత్తు పక్కదారి పట్టి ఇంజిను లోహంలోకి పారిపోతుంది. చివరికి ఓ రోజు రవ్వ పడటం మానేస్తుంది. మన మెకానిక్కుల భాషలో చెప్పాలంటే బండి ‘మిస్సింగ్ కొడుతుంది’.

అప్పుడేమవుతుంది? మండని పెట్రోలు అలాగే పొగగొట్టంలోకి వెళ్లి, అక్కడున్న కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. కన్వర్టర్ ఎర్రగా కాలి, లోపలున్న తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ కరిగిపోతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన దిమ్మ అది. ప్లగ్గుల ఖర్చుకి భయపడి వాయిదా వేసినవాళ్లు ఆఖరికి దానికి అనేక రెట్లు కట్టాల్సివచ్చేది ఇక్కడే.

బండి ముందే చెబుతుంది కూడా. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లలో, చిన్న ట్రక్కుల్లో ఇంజినుని కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ వ్యవస్థ తప్పనిసరి. రవ్వ తప్పితే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. స్కానర్ పెడితే పి0301 అని వస్తే ఒకటో సిలిండర్, పి0308 అని వస్తే ఎనిమిదోది. ఏదని తేల్చలేనప్పుడు పి0300. దీపం నిలకడగా వెలిగితే త్వరలో చూపించమని. టపటపా కొట్టుకుంటుంటే? బండి పక్కకి తీసి ఆపమని అర్థం. కన్వర్టర్ కాలిపోతోందన్నమాట!

రెండు లక్షల మైళ్ల ట్రక్కు

అమెరికన్లకి పికప్ ట్రక్కు అంటే మనూళ్లో ట్రాక్టరూ ఇంట్లో కారూ కలిపినట్టు. వడ్రంగి పనిముట్లు, ప్లంబరు పైపులు, రైతు దాణా బస్తాలు, ఆదివారం పిల్లల సైకిళ్లు... అన్నీ దాంట్లోనే. అందులోనూ ఫోర్డ్ కంపెనీ ఎఫ్ సిరీస్‌ది ప్రత్యేక స్థానం. 1948లో మొదలైన ఈ ట్రక్కు 1977 నుంచి అక్కడి పికప్‌ల అమ్మకాల్లో మొదటి స్థానంలో పాతుకుపోయింది. డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల ఉంటున్న తెలుగువాళ్లని అడగండి, ఏ వీధి చూసినా ఓ పికప్ తప్పదని చెబుతారు.

ఈ ట్రక్కులు ఓ పట్టాన మూలపడవు. అసలు అమెరికా రోడ్ల మీద తిరిగే వాహనాల సగటు వయసే 2024లో 12.6 ఏళ్లని లెక్కతేలింది. రెండు లక్షల మైళ్లు దాటిన పికప్‌లు అక్కడ వింతేమీ కాదు. అవి చేతులు మారుతూ మారుతూ కొత్త బండి కొనలేని చిన్న కాంట్రాక్టర్ల దగ్గరికి, కాలేజీ కుర్రాళ్ల దగ్గరికి వస్తుంటాయి. పాత యజమాని ప్లగ్గులు మార్చాడో లేదో కొత్త యజమానికి తెలీదు. పైగా అక్కడ మెకానిక్ కూలీ గంటల లెక్కన. అందుకే చాలామంది ఇంటి ముందే బానెట్ ఎత్తి సొంతంగా పని మొదలెడతారు. ఖరీదైన పనిముట్లని డిపాజిట్ కట్టించుకుని అద్దె లేకుండా ఇచ్చే విడిభాగాల దుకాణాలూ ఉన్నాయి.

అలా ధైర్యంగా రెంచీ పట్టుకున్నవాళ్లని బెంబేలెత్తించింది ఓ ఇంజిను. పేరు ట్రైటన్.

ఒకదానికి ఎగిరిపోయే జబ్బు... ఇంకోదానికి విరిగిపోయే జబ్బు

ట్రైటన్ పేరుతో ఫోర్డ్ 1990ల చివర్లో తెచ్చిన ఇంజిన్లలో సిలిండర్‌కి రెండు వాల్వులుండేవి. వాటి అల్యూమినియం హెడ్డులో ప్లగ్గు పట్టుకోడానికున్న మరలు చాలా తక్కువ, నాలుగైదు చుట్లే. కొన్నాళ్లకి ఆ మర అరిగిపోయి, లోపలి ఒత్తిడికి ప్లగ్గు కాయిల్‌తో సహా తుపాకీ గుండులా పైకి ఎగిరొచ్చేది! రోడ్డు మీద వెళ్తుండగా బానెట్ కింద ‘ఢాం’ అని పేలుడు. తర్వాత చెవులు పగిలే చప్పుడు. మర పోయిన రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మర తొడుగు దిగ్గొట్టి బాగుచేసుకునేవారు.

2004 మోడల్‌తో ఎఫ్-150కి సిలిండర్‌కి మూడు వాల్వులుండే 5.4 లీటర్ల వి8 ఇంజిను వచ్చింది. ఎనిమిది సిలిండర్లు, ఎనిమిది ప్లగ్గులు. ఈసారి ప్లగ్గులు ఎగిరిపోలేదు. అసలు రావడమే మానేశాయి!

కారణం వాటి ఆకారం. మామూలు ప్లగ్గు ఒకే ముక్కలా గట్టిగా ఉంటుంది. ఇది రెండు ముక్కల్ని కలిపి నొక్కి చేసింది. మర కింద సన్నటి పొడవాటి గొట్టంలాంటి భాగం ఉంటుంది. అది హెడ్డులోని ఇరుకు సందులోకి దిగి ఉంటుంది. లక్ష మైళ్లు తిరిగేసరికి ఆ గొట్టానికీ హెడ్డుకీ మధ్య సందులో మసి గట్టిగా బిగిసిపోతుంది. రెంచీ పెట్టి తిప్పితే పైభాగం తిరుగుతుంది, కిందిగొట్టం కదలదు. టప్... రెండు ముక్కలు. పైముక్క చేతిలో, కిందిముక్క అడుగున. ఒక్కోసారి లోపలి పింగాణీ కూడా విరిగి అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు ఆ యజమాని పరిస్థితి ఊహించండి. మార్చకపోతే కన్వర్టర్ పోతుంది. మార్చబోతే ప్లగ్గు విరుగుతుంది. విరిగిన ముక్క రాకపోతే హెడ్డే విప్పాలి. అదయ్యే ఖర్చు పాత ట్రక్కు ధరలో సగానికి వచ్చినా ఆశ్చర్యం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి! కంపెనీ 2007 చివర్లో హెడ్డునీ ప్లగ్గునీ మార్చేసింది. విసిగిపోయిన యజమానుల గోడు ఒహాయోలోని ఫెడరల్ కోర్టు దాకా వెళ్లి రాజీతో ముగిసింది. అయితే అంతకుముందు తయారైన ట్రక్కులు లక్షల్లో రోడ్డెక్కేశాయి. వాటిలో ఇంకా తిరుగుతున్నవీ ఉన్నాయి.

బలం కాదు, ఓపిక కావాలి

మరి ఆ ప్లగ్గుల్ని తీయడమెలా? మెకానిక్కుల కోసం ఫోర్డ్ ప్రత్యేకంగా ఓ పద్ధతిని రాసి పంపింది. అందులో అసలు రహస్యం ఒక్కటే... ఆగడం.

మొదటి నియమం: ఇంజిను పూర్తిగా చల్లారాలి. హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు. వేడిగా ఉండగా తిప్పితే మెత్తటి అల్యూమినియం మర ప్లగ్గుతోపాటే ఊడి వచ్చే ప్రమాదముంది. రాత్రి ఆపిన బండిని పొద్దున్నే ముట్టుకోవడం మేలు.

తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేసి, కాయిల్స్ విప్పాలి. ఒక్కో ప్లగ్గు మీదా ఒక్కో కాయిల్ కూర్చుని ఉంటుంది. ప్లగ్గు లోతైన బావిలాంటి గుంటలో ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి పేరుకున్న ఇసుక, దుమ్ము అందులోనే ఉంటాయి. గాలి కొట్టి ముందు వాటిని బయటికి పంపాలి. లేదంటే ప్లగ్గు రాగానే అవన్నీ సిలిండర్‌లో పడతాయి.

ఇప్పుడు రెంచీతో చుట్టులో ఎనిమిదో వంతు... మహా అయితే నాలుగో వంతు వదులు చేయాలి. అక్కడ ఆపేయాలి! ఆ గుంటలోకి కార్బురేటర్ క్లీనర్ అర చెంచా నుంచి చెంచా దాకా పోయాలి. అంతకుమించి వద్దు. ఎక్కువైతే అది సిలిండర్‌లో నిండి, స్టార్టు చేసినప్పుడు ఇంజినుకే ముప్పు. కనీసం 15 నిమిషాలు నాననివ్వాలి. తొందరలేని మెకానిక్కులు గంటలు గంటలు, రాత్రంతా కూడా వదిలేస్తారు.

నానాక కాస్త బిగించడం, కాస్త వదలడం. మళ్లీ బిగించడం, మళ్లీ వదలడం. కిర్రుమని చప్పుడొస్తే మసి విరుగుతోందని అర్థం. బిగుసుకుపోతే మళ్లీ క్లీనర్, మళ్లీ నిరీక్షణ. కరెంటుతోనో గాలితోనో నడిచే రెంచీలు ముట్టుకోకూడదు. వెనక వరసలో, డ్రైవరు గోడకి ఆనుకుని ఉన్న ప్లగ్గులు మరీ ఇబ్బంది పెడతాయి. చేయి సరిగ్గా దూరదు, కంటికి కనపడదు. చేతికి తెలిసే స్పర్శే దిక్కు. మామూలు ఇంజిన్‌లో గంటా రెండు గంటల్లో అయ్యే పని కాస్తా రోజంతా పట్టేది అందుకే.

ఇంత చేసినా విరిగితే? అంతా అయిపోయినట్టు కాదు. ఐయోవా రాష్ట్రానికి చెందిన లైల్ అనే పనిముట్ల కంపెనీ దీనికోసమే ఓ సాధనం తెచ్చింది. ముందు లోపల మిగిలిన పింగాణీని కాస్త కిందికి నెడతారు. ఖాళీ అయిన గొట్టంలో మర చేసి, దాన్ని పట్టుకుని బావిలోంచి బకెట్టు చేదినట్టు పైకి లాగుతారు. పింగాణీ పెంకులు లోపల పడలేదని సన్నటి కెమెరా దించి చూసుకుంటే నిశ్చింత. ఇన్ని తిప్పలు చూశాక విడిభాగాల కంపెనీలు ఈ ఇంజిన్ కోసం ఒకే ముక్కగా ఉండే ప్లగ్గుల్నీ మార్కెట్లోకి దింపాయి.

బిగించడమూ ఓ విద్యే

విప్పడం అయిందని సంబరపడి కొత్తది గబగబా బిగిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. ముందు ఖాళీ కొలవాలి. ఈ ఇంజిన్‌కి మిల్లీమీటరు నుంచి 1.3 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తర్వాత ప్లగ్గు తలకి ఓ రబ్బరు గొట్టం తొడిగి, దాంతో చేత్తోనే తిప్పుతూ దించాలి. మర సరిగ్గా కూర్చుంటే ప్లగ్గు తేలిగ్గా దిగుతుంది. వంకరగా పడితే రబ్బరు గొట్టం జారిపోతుంది కానీ మర పాడవదు. రెంచీ పెట్టేది ఆఖరి బిగింపుకే. అదీ ఎంత బలం పడుతోందో చూపించే టార్క్ రెంచీతో. ఈ ఇంజిన్‌కి కంపెనీ చెప్పింది 34 న్యూటన్ మీటర్లు.

మళ్లీ మసి పట్టి బిగుసుకోకుండా ఆ పొడవాటి గొట్టానికి నికెల్ కలిసిన యాంటీసీజ్ గ్రీజు పల్చగా రాయమన్నారు. గొట్టానికే, మరకి కాదు. మరకి రాస్తే రెంచీ చూపించే లెక్క తప్పి, తెలీకుండానే ఎక్కువ బిగిస్తాం. కాయిల్ రబ్బరు బూట్లు పగిలి ఉంటే అవీ మార్చేయడమే. మళ్లీ ఇంత పని పెట్టుకునేదెవరు?

పాత ప్లగ్గు చెప్పే జాతకం

విప్పిన పాత ప్లగ్గుల్ని చెత్తబుట్టలో పడేయకండి. ఏ సిలిండర్‌ది ఏదో గుర్తుండేలా వరసగా పేర్చి చూడండి. ఇంజిను ఆరోగ్యం మొత్తం అందులో కనిపిస్తుంది.

* కొస లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే అంతా క్షేమం.
* పొడిపొడి నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అందుతోంది. ఎయిర్ ఫిల్టర్ చూసుకోవాలి.
* జిడ్డుగా, తడిగా నల్లబడితే ఇంజినాయిలు సిలిండర్‌లోకి చేరుతోంది. రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి.
* తెల్లగా పాలిపోయి బొబ్బలెక్కినట్టుంటే ఇంజిను అతిగా వేడెక్కుతోంది.
* పింగాణీ మీద పగులు కనిపిస్తే ఆ ప్లగ్గుని మళ్లీ వాడకూడదు.

ఎనిమిదింటిలో ఏడు ఒకేలా ఉండి ఒక్కటే తేడాగా ఉంటే, జబ్బు ఇంజిన్ మొత్తానికి కాదు, ఆ ఒక్క సిలిండర్‌కే. అసలు ప్లగ్గు కొస 500 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండేలా తయారుచేస్తారు. అంతకంటే చల్లగా ఉంటే మసి కాలిపోదు, పేరుకుంటుంది. అంతకంటే వేడెక్కితే రవ్వ పడకముందే పెట్రోలు అంటుకుంటుంది. దుకాణంలో మరలు సరిపోయాయని ఏదో ఒక ప్లగ్గు కొనకూడదనేది అందుకే.

మన పికప్‌ల సంగతేంటి?

మనూళ్లలో కూరగాయలూ పాలూ సిమెంటు బస్తాలూ మోసే పికప్‌లు చాలావరకు డీజిలువి. డీజిలు ఇంజిన్‌కి స్పార్కు ప్లగ్గే ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. చలి ఉదయాల్లో ఇంజినుని వేడిచేయడానికి వాడేది గ్లో ప్లగ్గు. అది వేరు, ఇది వేరు.

కానీ రోజులు మారాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలొచ్చాక చిన్న డీజిలు ఇంజిన్లు ఖరీదైపోయాయి. 2005లో డీజిలుతో మొదలైన టాటా ఏస్‌లో పెట్రోలు రకం వచ్చింది. మారుతి సూపర్ క్యారీ డీజిలుకి పూర్తిగా స్వస్తి చెప్పి పెట్రోలు, సీఎన్‌జీలకి మారిపోయింది. డీజిలు బండికి అలవాటుపడిన డ్రైవరు మొదటిసారి పెట్రోలు, గ్యాసు బండి కొన్నాడనుకోండి. ప్లగ్గులనేవి ఉంటాయనీ వాటిని మార్చాలనీ అతనికి తట్టకపోవచ్చు. ఏస్ పెట్రోలుకి రెండు, సూపర్ క్యారీకి నాలుగు ప్లగ్గులు.

గ్యాసు బండైతే మరింత జాగ్రత్త అవసరం. పెట్రోలుకంటే సీఎన్‌జీని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. కాబట్టి ప్లగ్గు త్వరగా అలిసిపోతుంది. ఎత్తెక్కేటప్పుడు బండి కుదుపులిస్తుంటే, గ్యాసు మీద మిస్సయి పెట్రోలు మీద బాగానే నడుస్తుంటే... మొదట అనుమానించాల్సింది ప్లగ్గునే. మామూలు నికెల్ ప్లగ్గులు లక్ష మైళ్లు రావు. మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లని ఉందో చూసి, ఆ లెక్కనే పాటించాలి.

రోజుకూలీ సంపాదించి పెట్టే బండికి ఇదేం చిన్న విషయం కాదు. నాలుగు ప్లగ్గుల ఖర్చు వందల్లో పోతుంది. బండి రెండ్రోజులు షెడ్డులో పడుకుంటే పోయేది కిరాయే కాదు, రోజూ పిలిచే షావుకారు ఇంకో బండికి అలవాటుపడిపోతాడు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు టైర్లు తన్ని చూస్తారు, రంగు చూస్తారు, హారన్ కొట్టి చూస్తారు. ప్లగ్గులు ఎప్పుడు మార్చారని అడిగేవాళ్లు అరుదు. ఆ ఒక్క ప్రశ్నా అడగండి. జవాబు దొరక్కపోతే కొన్న మొదటి వారంలోనే, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, తెలిసిన మెకానిక్ చేత విప్పించి చూడండి. ఏళ్ల తరబడి కదపని ప్లగ్గు పట్టేసి మొరాయిస్తే ‘ఇంకాస్త గట్టిగా తిప్పు’ అని మాత్రం తొందరపెట్టకండి. టీ తాగి రమ్మనండి. ఆ 15 నిమిషాలే హెడ్డుని కాపాడొచ్చు.

కొత్త ప్లగ్గులు పడ్డాక తేదీ, కిలోమీటర్లు ఓ కాగితం మీద రాసి, ఆర్‌సీ పెట్టుకునే కవర్‌లోనే పెట్టండి. బండి ఎవరి చేతికి మారినా ఆ కాగితమూ వెంటే వెళ్తుంది!